పూర్తిగా నమ్మేవాడు

ఆ ఏడాది ఆస్పరాగస్ కోతలు మొదలైన వారంలోనే మా ఊళ్ళో సెయింట్ ఓడా చర్చిని మూసేశారు. వచ్చే జనం ఇరవై ఇద్దరు, కప్పుకి పడ్డ చిల్లులు అంతకంటే ఎక్కువ. ఈస్టర్ అయిన మరుసటి ఆదివారమే ఆఖరి పూజ అని బిషప్ కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. ఆ చర్చి పని ముప్పై ఎనిమిదేళ్ళుగా చూస్తున్నది నా మొగుడు షెంగ్. గంట కొట్టడం, కొవ్వొత్తులు వెలిగించడం, గురువుగారి వస్త్రాలు ఇస్త్రీ చెయ్యడం, చలికాలంలో బాయిలర్‌తో పోట్లాడటం, అన్నీ తనే.

ఆఖరి పూజకి నేనూ వెళ్ళాను. ఆ గుమ్మం తొక్కి పద్నాలుగేళ్ళయింది. వెనక స్తంభం దగ్గర నిలబడ్డాను. పూజ అయ్యాక గురువుగారు సత్ప్రసాదం, అంటే పూజలో క్రీస్తు శరీరమయ్యే గోధుమ అప్పాలు, ఉన్న పాత్రని బయటికి తీసుకెళ్తూ, దాని ముందు రాత్రీ పగలూ వెలిగే ఎర్రదీపాన్ని ఆర్పమని షెంగ్‌కి సైగ చేశారు. షెంగ్ నిచ్చెన వేసుకుని ఎక్కాడు. ఊదలేదు. రెండు వేళ్ళు తడి చేసుకుని ఒత్తిని నొక్కేశాడు. దిగి, నిచ్చెన మడిచి, దాని చోట దాన్ని పెట్టి, తాళంచెవి ఇచ్చేశాడు. ఇంటికొచ్చేదాకా ఒక్క మాట లేదు. నేనూ నోరు మూసుకునే ఉన్నాను. అది నాకు చేతనైన పని కాదని మా ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు.

మా ఇద్దరి సంగతీ కాస్త చెప్పాలి. నా మొదటి పెళ్ళి రెండేళ్ళకే పెటాకులైంది. కోర్టు విడాకులిచ్చింది గానీ చర్చి ఇవ్వదు. అందుకని షెంగ్‌కీ నాకూ మునిసిపల్ ఆఫీసులోనే పెళ్ళయింది. ఆ రోజుతో మా ఇద్దరికీ సత్ప్రసాదం లేకుండా పోయింది. అప్పటి ముసలి గురువు మంచివాడు. "రా షెంగ్, ఎవరూ చూడ్డం లేదులే" అన్నాడట. "నేను చూస్తున్నా కదండీ" అన్నాడట మా మహానుభావుడు. అప్పాల పెట్టె తెరిచేది తను, పాత్రలో సర్దేది తను, ఇత్తడి తోమేది తను. అందరూ తినేటప్పుడు తను మాత్రం చేతులు రెండూ గుండెల మీద అడ్డంగా పెట్టుకుని, గురువు నుదుటి మీద వేసే శిలువ గుర్తు తీసుకుని వెనక్కొచ్చేవాడు. అలా ముప్పై ఒక్క ఏళ్ళు.

నాకంత ఓపిక లేదు. పద్నాలుగేళ్ళ కిందట కొత్త గురువొకాయన వచ్చాడు. ఏళ్ళ తరబడి ప్రసంగాలు చెప్పి, రోగుల్ని చూసి, పోయినవాళ్ళని సాగనంపిన మార్లీస్‌ని, ఆడది గనక బలిపీఠం దగ్గరికి రావద్దన్నాడు. సగం ఊరు ఆమె వెనకాల బయటికి నడిచింది. ఆస్పరాగస్ వేలం వేసే పాత షెడ్డు అద్దెకి తీసుకున్నాం. బిషప్‌తో సంబంధం లేదు, అయినా కాథలిక్కులమే అన్నాం. అక్కడ బలిపీఠం చుట్టూ గుండ్రంగా నిలబడతాం. ఎవరింట్లోనో కాల్చి తెచ్చిన రొట్టె పళ్ళెంలో చేతులు మారుతుంది. ప్రతివాళ్ళూ పక్కవాళ్ళకి ఒక ముక్క తుంచి "క్రీస్తు శరీరం" అని ఇస్తారు. ఎవరు తినొచ్చు, ఎవరు తినకూడదు అన్న మాటే లేదు. పదిహేడేళ్ళ తర్వాత ఆ ముక్క నోట్లో పెట్టుకున్న రోజు నేను వెక్కి వెక్కి ఏడ్చాను. ఇంటికొచ్చి చెబితే షెంగ్ "రొట్టె బాగా కాలి ఉంటుంది" అన్నాడు. వెటకారం కాదు. మాది పూజ కాదనీ, మాది ఉత్త రొట్టే అనీ అతని నమ్మకం.

అప్పట్నుంచి ఆదివారం పొద్దున్న ఇద్దరం కలిసే బయల్దేరి, గేటు దగ్గర చెరో వైపుకి సైకిళ్ళు తిప్పేవాళ్ళం. ఇప్పుడు అతని వైపు ఏమీ మిగల్లేదు. దగ్గర్లో ఉన్న చర్చి పద్నాలుగు కిలోమీటర్లు. ఆదివారం బస్సు లేదు. కళ్ళు మసకబారి అతను కారు మానేశాడు.

"నేను దింపుతాలే" అన్నాను.

"నీదీ పదింటికే కదా."

"ఒక వారం మానేస్తా."

"నా కోసం నువ్వేం మానక్కర్లేదు" అని టీవీలో పూజ పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాడు. టీవీలో గురువు దీవించినప్పుడు లేచి నిలబడ్డాడు.

ఆ తర్వాతి శనివారం నేను వంటింట్లో స్వాగత పాఠం చదువుకుంటున్నాను. మా షెడ్డులో పూజ దానితోనే మొదలవుతుంది. చదివేది నేను, గొంతు పెద్దదని. మొదట్లో అది నాలుగు వాక్యాలు. ఇప్పుడు ఒకటిన్నర పేజీ. కొత్తగా ఎవరొచ్చినా వాళ్ళ కోసం ఒక మాట చేరుస్తాం. ప్రతి మాట వెనకా ఒక మనిషి ఉన్నారు. 'విడాకులు తీసుకున్నవాళ్ళకి' అన్నది నేను. 'మగవాణ్ణి ప్రేమించినా, ఆడదాన్ని ప్రేమించినా' అన్నది మా షెడ్డుకొచ్చే త్రేస్ తమ్ముడి కోసం. 'కాఫీ కోసం మాత్రమే వచ్చినా' అన్నది బేకరీ ముసలావిడ పట్టుబట్టి రాయించుకుంది, ఆవిడ నిజంగానే కాఫీకే వస్తుంది. ఆ కాగితమంటే నాకు గర్వం. ఇప్పటికీ గర్వమే, దాచుకోను.

షెంగ్ బల్ల దగ్గర కూర్చుని వంటకి ఆస్పరాగస్ కాడల తొక్క తీస్తున్నాడు. మొన దగ్గర పట్టుకుని కిందికి ఒకే గీతలో లాగుతాడు, కాడ విరగదు.

"నమ్మేవాళ్ళకి, సగమే నమ్మేవాళ్ళకి, సందేహంతో వచ్చేవాళ్ళకి స్వాగతం" అని చదివాను.

"బాగుంది" అన్నాడు తలెత్తకుండా. "ఇంతకీ నేనెక్కడున్నాను అందులో?"

"నమ్మేవాళ్ళు అని ఉందిగా."

"అంటే మీలా నమ్మేవాళ్ళు. సగం నమ్మేవాడికి కుర్చీ ఉంది, అసలు నమ్మనివాడికి కాఫీ ఉంది. మీరు చేసేది తప్పు అని పూర్తిగా నమ్మేవాడికి ఏముంది?"

నవ్వాను. నవ్వి కాగితం మొత్తం ఇంకోసారి చూశాను. అతను లేడు. పద్నాలుగేళ్ళు వెతికి వెతికి మనుషుల్ని చేర్చుకుంటూ వచ్చాం, నా పక్కన మంచం మీద పడుకునేవాడు ఎవరికీ గుర్తు రాలేదు. నాకు కూడా. ఆ రాత్రే తేల్చుకున్నాను, ఇతన్ని ఎలాగైనా మా షెడ్డుకి తీసుకెళ్ళాలి, మా రొట్టె తినిపించాలి.

బుధవారం మా షెడ్డు వాళ్ళ సమావేశంలో విషయం పెట్టాను. పోల్ అధ్యక్షుడు. బడిపంతులుగా రిటైరయ్యాడు, మనిషి వెన్న, కానీ చేతికి పెన్ను దొరికితే ఆగడు.

"మాతో ఏకీభవించనివాళ్ళకి కూడా స్వాగతం, అని రాద్దాం" అన్నాడు వెంటనే.

"నేనొప్పుకోను" అంది త్రేస్. "నా తమ్ముడి అంత్యక్రియల్లో వాడి మొగుణ్ణి ముందు వరసలోంచి లేపి వెనక్కి పంపారు. వెనక కుర్చీ చూపించింది ఎవరనుకున్నావ్ ఫీన్? నీ షెంగే."

"గురువు చెప్పమన్నాడు, చెప్పాడు."

"అదే నేనూ అంటున్నా. చెప్పమంటే చెప్పాడు."

ఆ అంత్యక్రియల రాత్రి షెంగ్ అన్నం ముట్టకపోవడం నేను చూశాను గానీ, అది త్రేస్‌కి జవాబు కాదు. గంటన్నర వాదించుకుని ముగ్గురితో ఒక కమిటీ వేశాం. ఆ కమిటీ ఇంకా కూర్చునే ఉంది.

మర్నాడు మార్లీస్ సైకిలేసుకుని మా ఇంటికొచ్చింది. అడక్కుండానే ఒక చాకు తీసుకుని షెంగ్ ఎదురుగా కూర్చుని ఆస్పరాగస్ చెక్కడం మొదలుపెట్టింది. రెండు కాడలు విరిచింది.

"పూజకి రమ్మని అడగడానికి రాలేదు షెంగ్‌గారూ" అంది.

"అడిగినా రాను."

"తెలుసు. మా కొవ్వొత్తులు పొగ వదుల్తున్నాయి. కప్పంతా మసి."

"ఒత్తులు కత్తిరిస్తున్నారా?"

"కత్తిరించాలా?"

షెంగ్ నా వంక చూశాడు. పద్నాలుగేళ్ళుగా ఏదో నేరం అతని దగ్గర దాచినట్టు చూశాడు.

ఆ ఆదివారం ఎనిమిదింటికే షెడ్డుకి వచ్చాడు. ఒత్తులు కత్తిరించాడు, కుర్చీలు గుండ్రంగా సర్దాడు, బలిపీఠం మీద గుడ్డ తిరగేసి ఉందని విప్పి మళ్ళీ పరిచాడు. పదికి ఐదు నిమిషాలుండగా బయటికెళ్ళి సైకిళ్ళ పక్కన ఖాళీ పెట్టె బోర్లించుకుని కూర్చున్నాడు. పూజ అయ్యేదాకా అక్కడే. తర్వాత లోపలికొచ్చి కొవ్వొత్తులు ఆర్పి, కాఫీ తాగి, నాతో ఇంటికొచ్చాడు. పైవారమూ అంతే. ఆ పైవారం వాన. తలుపు లోపలికి వచ్చి గోడవారగా కుర్చీ వేసుకున్నాడు. బేకరీ ముసలావిడ అతని చేతిలో ఒక బిస్కెట్టు పెట్టి "ఇది పూజకి సంబంధం లేనిది, తినొచ్చు" అంది. షెంగ్ నవ్వడం నెల రోజుల తర్వాత అదే మొదలు. మా వాళ్ళంటే నాకు పంచప్రాణాలని ఆ రోజు అనిపించింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నా నోరు ఊరుకోదు. కాఫీ దగ్గర పోల్‌తో ఆ ముప్పై ఒక్క ఏళ్ళ సంగతి చెప్పేశాను. అప్పాలు సర్ది, తను తినకుండా, అని. పోల్ కళ్ళు తుడుచుకున్నాడు. పెంతెకోస్తు ఆదివారం, పూజ మొదలవబోతుంటే, స్వాగత పాఠం కొత్త కాగితం మీద అచ్చువేసి నా చేతిలో పెట్టాడు. చదువుతూ పోతున్నాను, మూడొంతులు అయ్యాక కొత్త వాక్యం వచ్చింది. అది నోట్లోంచి బయటికొచ్చాక గానీ నా చెవులకి వినపడలేదు.

"ఏదో ఒక నియమం మూలంగా ముప్పై ఏళ్ళు ఈ బల్లకి దూరంగా, ఆకలితో ఉంచబడినవాళ్ళకి, ఇవాళ రండి, తినండి, స్వాగతం."

అందరూ మెల్లగా గోడవైపు తిరిగారు. అందరి మొహాల్లోనూ ప్రేమే. అంత ప్రేమ ఒక్కసారి మీద పడితే మనిషి ఎక్కడికి పోతాడు? షెంగ్ లేచాడు. కుర్చీ మడిచి గోడకి ఆనించాడు. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయాడు.

నేను ఇంటికొచ్చేసరికి బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. ఆస్పరాగస్ కట్ట విప్పలేదు.

"నేను రాయలేదు" అన్నాను.

"నువ్వు చెప్పావు."

"నీ మంచికే షెంగ్. వాళ్ళందరూ..."

"ఆకలితో ఉంచబడ్డానా నేను? ఎవరుంచారు?" గొంతు పెంచలేదు. "రెండూ నా ముందున్నాయి. సత్ప్రసాదమూ ఉంది, నువ్వూ ఉన్నావు. రెండూ కుదరవన్నారు. నేను నిన్ను తీసుకున్నా. ప్రతి ఆదివారం చేతులు కట్టుకుని అక్కడ నిలబడ్డప్పుడల్లా మళ్ళీ నిన్నే తీసుకున్నా. నాకు ఎవడో అన్యాయం చేశాడని వాళ్ళు జాలిపడితే, నా పెళ్ళి మీద జాలిపడ్డట్టే."

ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఈ మాట అతను ఒక్కసారీ చెప్పలేదు. అతనిది భయం అనుకున్నాను, మొండితనం అనుకున్నాను, ఒకోసారి నన్ను చేసుకున్నందుకు పశ్చాత్తాపమేమో అని కూడా అనుకున్నాను. ఆ అనుమానం నన్ను ఎంత తిందో చెప్పలేను. తల కొట్టేసినట్టయింది. ఏడుపూ వచ్చింది, సంతోషమూ వచ్చింది, రెంటికీ సిగ్గేసింది. లేచి నీళ్ళు మరగబెట్టాను. ఇద్దరం కలిసి కట్ట విప్పి తొక్క తీశాం.

మంగళవారం పోల్, మార్లీస్ కలిసి వచ్చారు. పోల్ చేతిలో చెర్రీలు పరిచిన వ్లాయ్ కేకు, వాళ్ళావిడ కాల్చింది. పళ్ళెం బల్ల మీద పెట్టి నిలబడే ఉన్నాడు.

"జాలితో రాయలేదు షెంగ్. గౌరవంతో రాశాను."

"గౌరవమైతే ముందు నన్ను అడిగేవాడివి."

పోల్ మొహం కందిపోయింది. "నిజమే. అడగలేదు. ఆ వాక్యం కొట్టేశాను. నువ్వేం రాయమంటే అది రాస్తా."

"నా గురించి ఏమీ రాయొద్దు. కూర్చోడానికి కుర్చీ ఉందిగా, చాలు."

మార్లీస్ తలదించుకుంది. "మమ్మల్ని బయటికి పంపినప్పుడు ఎలా ఉంటుందో మాకు తెలుసు షెంగ్‌గారూ. అందుకే ఎవరొచ్చినా లోపలికి లాగెయ్యాలని మా తాపత్రయం. లాగితే కూడా నొప్పెడుతుందని మర్చిపోయాం. క్షమించండి."

షెంగ్ వ్లాయ్ కోసి నలుగురికీ పెట్టాడు. సగం తిన్నాక అడిగాడు, "ఆదివారం కొవ్వొత్తులు ఎవరు చూశారు?"

"నేను" అన్నాడు పోల్.

"అయితే వచ్చే వారం నేనే రావాలి. షెడ్డు తగలబడితే మళ్ళీ ఎక్కడ వెతుక్కుంటారు?"

జూన్ ఇరవై నాలుగు, యోహాను పండగ. ఆ రోజుతో ఆస్పరాగస్ కోతలు ఆపేస్తారు. దానికి ముందు ఆదివారం షెడ్డు నిండా జనం. స్వాగత పాఠం చదివాను. అతని వాక్యం లేదు. షెంగ్ గోడవార కుర్చీలో ఉన్నాడు. ఎవరూ అటు చూడలేదు, చూడకూడదని అందరూ ఎంత కష్టపడ్డారో నాకు తెలుసు.

రొట్టె దగ్గరికొచ్చేసరికి అందరం లేచి గుండ్రంగా నిలబడ్డాం. షెంగ్ కుర్చీలోంచి లేచాడు. బయటికెళ్తాడనుకున్నాను. నడుచుకుంటూ వచ్చి నా ఎడమ పక్కన నిలబడ్డాడు. అతనికి అటు పక్కన ఉన్నది త్రేస్.

పళ్ళెం ఒక్కో చెయ్యీ మారుతూ వచ్చింది. త్రేస్ తన ముక్క తిని, ఇంకో ముక్క తుంచి, అతని వైపు తిరిగింది. "క్రీస్తు శరీరం" అంది. గొంతు పొడిగా ఉంది. షెంగ్ చేతులు రెండూ ఎత్తి గుండెల మీద అడ్డంగా పెట్టుకున్నాడు.

మా వలయంలో అంతవరకు వద్దన్నవాళ్ళు లేరు. ఏం చెయ్యాలో ఎవరికీ తెలియదు. త్రేస్ చెయ్యి గాల్లో ఉండిపోయింది. పోల్ నేల చూపులు చూస్తున్నాడు. మార్లీస్ కదల్లేదు. నేను త్రేస్ మొహమే చూస్తున్నాను, ఆ అంత్యక్రియల నాటి కుర్చీ ఆమెకి గుర్తొస్తూ ఉంటుందని.

త్రేస్ కూడా సెయింట్ ఓడా చర్చిలోనే పెరిగింది. ఆ ముక్కని మళ్ళీ పళ్ళెంలో పెట్టింది. బొటనవేలితో షెంగ్ నుదుటి మీద చిన్న శిలువ గీసింది. పళ్ళెం అతని చేతుల్లో పెట్టింది.

షెంగ్ నా వైపు తిరిగాడు. పళ్ళెం కింద అరచెయ్యి ఆనించి, పొడి రాలకుండా పట్టుకున్నాడు. ముక్క తుంచాడు.

"క్రీస్తు శరీరం" అన్నాడు నాతో.

ఆమెన్ అన్నాననే అనుకుంటున్నాను. వినపడిందో లేదో తెలీదు.

పూజ అయ్యాక జనం కాఫీ దగ్గర మూగారు. పోల్ ఎప్పటిలాగే పళ్ళెం తీసుకుని వెనక తలుపు తీశాడు, రొట్టె పొడి పిచ్చుకలకి దులపడానికి. మొదటి ఏడాది నుంచీ మేం చేస్తున్నది అదే.

"ఆగు" అన్నాడు షెంగ్.

పళ్ళెం తీసుకుని లోపలికొచ్చాడు. ఒక గాజు గ్లాసు కడిగి తుడిచాడు. పళ్ళెం మీద కొంచెం నీళ్ళు పోసి, వేలితో అంచు పొడుగునా తిప్పి, చివరి నలుసు దాకా గ్లాసులోకి ఒంపాడు. ముప్పై ఎనిమిదేళ్ళు సెయింట్ ఓడాలో ప్రతి పూజ తర్వాత గురువు పాత్ర కడుగుతుంటే నీళ్ళందించింది తనే. ఆ నీళ్ళు గురువే తాగేస్తాడు, పారబొయ్యరు. మామూలు రొట్టె పెట్టిన పళ్ళేనికి ఎవరూ ఆ పని చెయ్యరు.

గ్లాసు నాకిచ్చాడు.

"తాగు."

"నువ్వు?"

"నేను తీసుకోనుగా. నువ్వు తీసుకున్నావు, నువ్వే తాగాలి." గ్లాసు అంచున అంటిన పొడి వంక చూపించాడు. "అక్కడ ఉండిపోయింది చూడు. అదీ."

ఇంకొంచెం నీళ్ళు పోయించుకుని, అదీ తాగాను.